పేగులకూ ఊపిరితిత్తులకూ చుట్టరికం

నిజామాబాదు జిల్లా రెంజల్ మండలంలో కందకుర్తి అనే ఊరు ఉన్నది. మహారాష్ట్రలో త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి తెలంగాణ నేలమీద అడుగు పెట్టేది ఇక్కడనే. బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కూడా మూడు రాష్ట్రాలు తిరిగి వచ్చి ఇక్కడనే గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న నది కూడా వీటితో చేరుతుంది గనుక దీన్ని త్రివేణీ సంగమం అంటారు. పుష్కరాలు వచ్చినప్పుడు ఈ రేవులో కాలు పెట్టే చోటు ఉండదు.

మా చెల్లెలిని ఈ ఊరికే ఇచ్చాము. దాని కూతురు ఏడో తరగతి చదువుతున్నది. ఒక వానాకాలం నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, సాయంత్రం ఆ పిల్ల నన్ను ఏటి ఒడ్డుకు తీసుకుపోయింది. నీళ్ళు ఎర్రమట్టి కలిపినట్టు ఉన్నాయి.

"మామా, మన దగ్గర నాలుగు దినాలనుంచి వాన లేదు గదా! నీళ్ళు ఇట్ల ఎందుకున్నయి?" అని అడిగింది.

"ఇక్కడ కురవకపోతేనేం? ఎగువన ఎక్కడో కురిసి ఉంటుంది. అక్కడి మట్టి కొట్టుకుని ఇక్కడికి వచ్చింది," అన్నాను.

ఆ పిల్ల ఈ మాట మరిచిపోలేదు. ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మా చెల్లెలికి పెద్దపేగులో ఒక జబ్బు ఉన్నది. దాని పేరు అల్సరేటివ్ కొలైటిస్. పేరు చూచి భయపడకండి, పిల్లలూ. పెద్దపేగు లోపలి పొర వాచి, చిన్న చిన్న పుండ్లు పడడమే ఈ జబ్బు. పది పన్నెండేళ్ళ క్రిందట అది మొదలైనప్పుడు రోజుకు పదిసార్లు విరేచనాలయ్యేవి, నెత్తురు కూడా పడేది. మనిషి ఎండుపుల్ల లాగా అయిపోయింది. నిజామాబాదులో డాక్టరుగారు కెమేరా ఉన్న సన్నని గొట్టంతో పేగు లోపల చూచి, జబ్బు పేరు చెప్పి, రోజూ వేసుకోవలసిన మాత్రలు రాసి ఇచ్చారు. మాత్రలు పని చేశాయి. దానితో ఇంటిల్లిపాదీ ఆ జబ్బును మరిచిపోయారు.

ఇలాంటి పేగు జబ్బులు ముఖ్యంగా రెండు ఉన్నాయి. ఒకటి మా చెల్లెలికి వచ్చినది. దీనికి ఈ పేరు 1859లో లండన్‌లో శామ్యూల్ విల్క్స్ అనే వైద్యుడి రాతల్లో కనిపిస్తుంది. రెండోది క్రాన్స్ వ్యాధి. దీన్ని 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రాన్, మరి ఇద్దరు వైద్యులు కలిసి లోకానికి తెలియజేశారు. మొదటిది పెద్దపేగు దాటి పోదు. రెండోది నోటినుంచి చివరివరకూ జీర్ణకోశంలో ఎక్కడైనా రావచ్చు.

ఇవి ఒకరినుంచి ఒకరికి అంటుకునే జబ్బులు కావు. కలరా లాగా, జిగట విరేచనాల లాగా చెడ్డనీళ్ళవల్ల వచ్చేవీ కావు. మన ఒంట్లో సూక్ష్మక్రిములతో పోరాడడానికి కొన్ని కణాలు ఉన్నాయి. అవి మన కాపలా సిపాయిలు. ఈ జబ్బుల్లో ఆ సిపాయిలు దారి తప్పి, దొంగ లేకపోయినా ఇంటిగోడలను కర్రలతో బాదుతూ ఉంటారన్నమాట. ఆ దెబ్బలకే పేగు వాస్తుంది, పుండు పడుతుంది.

ఇవి పట్టణాల్లో ఉండే కలవారి జబ్బులనీ, పల్లెటూళ్ళకు రావనీ చాలాకాలం అనుకునేవారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు పల్లెల్లో శిబిరాలు పెట్టి, కడుపు బాధలు ఉన్నవారిని కెమేరా గొట్టంతో పరీక్ష చేశారు. పల్లెలూ పట్టణాలూ కలిపి ముప్పైవేల మందికి పైగా చూచారు. 2023లో ఆ ఫలితాలు ప్రకటించినప్పుడు తేలినదేమంటే, ఈ జబ్బులు పల్లెల్లో కూడా దాదాపు పట్టణాల్లో ఉన్నంతగానే ఉన్నాయి! ఇంతకాలమూ పల్లెల్లో వాటిని వెతికినవారు తక్కువ, అంతే.

సరే, మా చెల్లెలి సంగతికి వద్దాం.

రెండేళ్ళ క్రిందట దానికి దగ్గు మొదలైంది. పొద్దున లేచీలేవగానే అరగంట సేపు దగ్గడం, గ్లాసులో పావువంతు కళ్ళె పడడం! మధ్యాహ్నానికి కాస్త తెరిపి. మళ్ళీ మరునాడు అదే పాట. రెండు నెలలు గడిచాయి, మూడు నెలలు గడిచాయి.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. "పొయ్యి పొగ తాకింది," అన్నది అత్తగారు. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉన్నప్పటికీ నీళ్ళు కాచుకోవడానికి పెరట్లో కట్టెల పొయ్యి ఉన్నది. మా బావ బీడీ ఆకు దుమ్మని తేల్చాడు. ఈ జిల్లాలో వేలాదిమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో బీడీలు చుడతారు. మా చెల్లెలూ కొన్నేళ్ళు చుట్టింది. పక్కింటి ముసలాయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయినవాడు. ఆయన, "చెరకు పిప్పి దుమ్ము గిట్ల పీల్చినవా బిడ్డా?" అని అడిగాడు.

ఆ ముసలాయన మాట తీసివేయదగింది కాదు సుమా! బూజు పట్టిన ఎండు పిప్పి దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు వాచే జబ్బు నిజంగానే ఒకటి ఉన్నది. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందింది. 2015లో అది మూతపడింది. అక్కడ పిప్పి గుట్టలు చూచిన మనిషికి ఆ అనుమానం రావడం సహజమే గదా! కాని మా చెల్లెలు ఆ ఫ్యాక్టరీ గేటు కూడా దాటలేదు.

ఎవరు ఏం చెప్పినా, అది మాత్రం, "ఏం గాదు లే అన్నా, చలికి వచ్చింది, ఎండకు పోతది," అనేది. దగ్గు మందు సీసాలు మారుతూ వచ్చాయి. చివరకు ఒకనాడు మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. అప్పుడు మా మేనకోడలు ఏడ్చి, తండ్రిని ఒప్పించి, తల్లిని నిజామాబాదు బయలుదేరదీసింది. నేనూ వెంట వెళ్ళాను.

ఊపిరితిత్తుల డాక్టరుగారు ముందు క్షయ ఉన్నదేమోనని చూచారు. మన దేశంలో వారాల తరబడి వదలని దగ్గుకు మొట్టమొదట చూడవలసింది అదే. కళ్ళె పరీక్ష చేయించారు, ఎక్స్‌రే తీయించారు. క్షయ లేదు. ఉబ్బసమా అంటే, దాని లక్షణాలు కూడా సరిగా కుదరలేదు. డాక్టరుగారు కలం పట్టుకుని, "అమ్మా, నీకు ఇంకేమైనా జబ్బులున్నాయా?" అని అడిగారు.

"ఏం లేవు సార్," అన్నది మా చెల్లెలు.

అది అబద్ధమాడలేదు. పేగు జబ్బు సద్దుమణిగి ఏళ్ళయింది. పైగా, దగ్గుకు మందివ్వడానికి వచ్చిన డాక్టరుకు కడుపు సంగతి ఎందుకు? నేనూ నోరు మెదపలేదు. నాకు తోచనే లేదు.

అప్పుడు మా మేనకోడలు తల్లి కొంగు పట్టుకుని నిలబడి, "సార్, అమ్మకు పేగుల జబ్బు ఉన్నది. రోజూ మాత్రలు వేసుకుంటది. అది ఎగువన అయితే ఇది దిగువన కావచ్చా?" అన్నది.

డాక్టరుగారు కలం కింద పెట్టారు. "ఎగువ, దిగువ ఏమిటమ్మా?" అని అడిగారు. పిల్ల ఏటిలో ఎర్రనీళ్ళ సంగతి చెప్పింది. ఆయన నవ్వలేదు. సి.టి. స్కాను తీయించమని చీటీ రాశారు.

స్కాను వచ్చిన తరువాత ఆయన మాకు బొమ్మ గీసి చెప్పిన సంగతులు మీకూ చెబుతాను.

తల్లి కడుపులో బిడ్డ పడిన నాలుగో వారంలో దాని పొడవు నువ్వుగింజకు కాస్త పెద్ద, అంతే. అప్పుడు దానికి ఊపిరితిత్తులు ఉండవు. నిలువునా ఒక సన్నని గొట్టం మాత్రం ఉంటుంది. ముందుముందు అన్నవాహిక, కడుపు, చిన్నపేగు, పెద్దపేగు కాబోయేది ఆ గొట్టమే. ఒకనాడు ఆ గొట్టానికి పైభాగాన, చెట్టుకు మొటిమ వేసినట్టు, చిన్న మొగ్గ పుట్టుకువస్తుంది. ఆ మొగ్గ రెండుగా చీలుతుంది. ఒక్కొక్కటీ మళ్ళీ రెండవుతుంది. ఇలా చీలి చీలి, సుమారు ఇరవైమూడు తరాల కొమ్మలు వేస్తుంది. ఆ కొమ్మల చివర ముప్పై కోట్లకు పైగా గాలితిత్తులు ఏర్పడతాయి. అవే మన ఊపిరితిత్తులు!

నిజాంసాగర్ కాలువ మీలో కొందరు చూచే ఉంటారు. మంజీరకు అడ్డంగా 1923లో కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆనకట్టనుంచి పెద్దకాలువ బయలుదేరుతుంది. దానినుంచి పిల్లకాలువలు, వాటినుంచి చేలలోకి పోయే బోదెలు. గాలి గొట్టాలు కూడా అలాంటివే. పెద్దకాలువ లాంటిది గొంతు కింద ఉన్న శ్వాసనాళం. చేను లాంటివి గాలితిత్తులు.

అంటే పేగూ ఊపిరితిత్తీ ఒక తల్లి బిడ్డలు. పెద్దయిన తరువాత ఒకటి అన్నం చూచుకుంటుంది, రెండోది గాలి చూచుకుంటుంది. అయినా పోలికలు పోలేదు. రెంటి లోపలా తడి పొర ఉన్నది. రెంటిలోనూ జిగురు ఊరించే కణాలు ఉన్నాయి. బయటినుంచి వచ్చే అన్నంతోనూ గాలితోనూ క్రిములు వస్తాయి గనుక రెండు చోట్లా ఆ పొర కింద కాపలా సిపాయిలు బారులు తీరి ఉంటారు. పేగు దగ్గర తర్ఫీదైన సిపాయిలు నెత్తుటి దారిని పోయి ఊపిరితిత్తుల్లో కూడా అదే అల్లరి చేస్తారని వైద్యులు భావిస్తున్నారు.

ఈ సంగతి వైద్యలోకం గట్టిగా పట్టించుకున్నది 1976లో. పేగు జబ్బు ఉన్న ఆరుగురు రోగులకు, మరే కారణమూ కనబడకుండా, విడవని దగ్గూ కళ్ళే వచ్చాయని అమెరికాలో కొందరు వైద్యులు ఆ ఏడు ప్రకటించారు. ఆరుగురే! కాని అది చదివిన ఇతర దేశాల వైద్యులు తమ రోగులను కూడా అడగడం మొదలుపెట్టారు. అడిగినకొద్దీ మరికొందరు బయటపడ్డారు.

మా చెల్లెలి స్కానులో కనిపించినది కూడా అదే. కొన్ని గాలి గొట్టాలు వాచి వాచి, గోడలు బలహీనమై, వెడల్పుగా సాగిపోయాయి. గట్లు తెగి వెడల్పయిన కాలువలో నీరు సాగక బురద మేట వేస్తుంది చూడండి, అలాగే ఆ గొట్టాల్లో కళ్ళె మేట వేసింది. రాత్రంతా పోగైనది పొద్దున్నే దగ్గుతో బయటికి వచ్చేది.

"అయ్యా, పేగు జబ్బు తగ్గి ఏళ్ళయింది గదా, ఇప్పుడు ఇదెందుకు వచ్చింది?" అని మా బావ అడిగాడు. ఈ చుట్టరికంలో విచిత్రమంతా అక్కడనే ఉన్నదట. పేగు నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చు. జబ్బు ముదిరి పెద్దపేగు మొత్తం కోసి తీసివేసిన తరువాత దగ్గు మొదలైనవారు కూడా ఉన్నారు! ఊళ్ళో ఇల్లు పడగొట్టినా ఆ ఇంటి సిపాయిలు ఊరు విడిచిపోలేదన్నమాట. పేగు జబ్బు ఉన్న అందరికీ ఇలా అవుతుందని అనుకోకండి. ఇది అరుదు. కాని అరుదు గనుకనే ఎవరికీ తట్టదు.

డాక్టరుగారు ఇంకొక ప్రశ్న వేశారు. "పేగుకు వేసుకునే మాత్ర ఏది? ఎప్పటినుంచి?" ఇది ఎందుకు అడిగారంటే, ఒక్కొక్కసారి అపకారం జబ్బుది కాదు, మందుది. ఈ మందుల కథ కూడా వినదగ్గదే.

స్వీడన్ దేశంలో నన్నా స్వార్ట్జ్ అనే వైద్యురాలు ఉండేది. ఆమె కీళ్ళ నొప్పులకోసమని సల్ఫాసలజీన్ అనే మందు తయారు చేయించింది. కీళ్ళకోసం చేసిన ఆ మందు పెద్దపేగు పుండ్లను కూడా మాన్పింది. ఆ సంగతి ఆమె 1942లో వెల్లడించింది. ఇప్పటికీ దాని చుట్టపు మందులే ఈ జబ్బుకు ఎక్కువగా వాడుతున్నారు. వెయ్యిమందికి మేలు చేసే ఆ మందు, ఎప్పుడో ఎవరికో ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది.

మరొక మందు మెథోట్రెక్సేట్. దీని వెనుక మన తెలుగువాడు ఉన్నాడు! భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చి చావు తప్పింది. స్ప్రూ వేరు, మనం చెప్పుకుంటున్న జబ్బులు వేరు. అయినా పేగు బాధ ఏమిటో ఒంటిమీద ఎరిగిన మనిషి ఆయన. తరువాత అమెరికా వెళ్ళి, లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలు నడిపించాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ను తయారుచేసింది. స్ప్రూ వచ్చినవారి రక్తహీనతకు అది మంచి మందు అయింది. ఆ విటమిన్ పనికి అడ్డుపడే మందులను కూడా ఆ ప్రయోగశాలలోనే చేశారు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. క్యాన్సరుకోసం పుట్టిన ఆ మందును చిన్న మోతాదులో క్రాన్స్ వ్యాధికి కూడా ఇస్తారు. అదీ ఎప్పుడైనా ఊపిరితిత్తులను వాపెక్కించవచ్చు గనుక, అది వాడేవారికి పొడిదగ్గు, ఆయాసం, జ్వరం వస్తే వెంటనే చెప్పమంటారు. చమత్కారమేమంటే, మెథోట్రెక్సేట్ వాడేవారికి దాని బాధలు తగ్గడానికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా ఇస్తారు. రెండూ సుబ్బారావుగారి ఇంటివే! ఆయన 1948లోనే న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

మూడో రకం మందులు సిపాయిల చేతి కర్రలే లాగేస్తాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనేది అలాంటిది. దీనితో పేగు బాగా కోలుకుంటుంది. కాని ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిమి ఉంటే, కాపలా సడలిందని లేచి కూర్చుంటుంది. ఈ ప్రమాదం 2001లో బయటపడింది. అప్పటినుంచి ఈ మందు ఇచ్చేముందు ఎక్స్‌రే తీసి, క్షయ పరీక్షలు చేస్తారు. మన దేశంలో ఇంకొక చిక్కు ఉన్నది. క్షయ పేగుకు కూడా వస్తుంది. అప్పుడది అచ్చం క్రాన్స్ వ్యాధి లాగానే కనిపిస్తుంది. ఒకదానికి ఇవ్వవలసిన మందు రెండోదానికి ఇస్తే కొంప మునుగుతుంది. ఈ రెంటినీ విడదీయడానికి పెద్ద పెద్ద వైద్యులే తల పట్టుకుంటారు.

వీటన్నిటికంటె తొందరగా ప్రాణం మీదికి తెచ్చేది ఇంకొకటి. పేగు జబ్బు బాగా రేగినప్పుడు నెత్తురు గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాలి రక్తనాళంలో కట్టిన గడ్డ కదిలి ఊపిరితిత్తిలో అడ్డం పడవచ్చు. ఒక కాలు వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టయినా, రేపు చూద్దామనుకోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి.

మా చెల్లెలి విషయంలో మాత్రం మందుది తప్పు కాదని తేలింది. అదే మాత్ర పదేళ్ళకు పైగా వేసుకుంటున్నది. స్కానులో కనిపించిన తీరు కూడా మందు వల్ల వచ్చే వాపు తీరు కాదు. అందుచేత, "పేగు మాత్రలు ఒక్కటి కూడా మానవద్దు," అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. భయపడి తమంతట తాము మాత్రలు మానేసి, పేగు జబ్బు రేగి ఆసుపత్రి పాలయ్యేవాళ్ళు ఉంటారట.

దగ్గుకు ఆయన పీల్చే మందు ఇచ్చారు. అది స్టెరాయిడ్ మందు. పొడి రూపంలో నేరుగా గాలి గొట్టాల్లోకి పోయి అక్కడి వాపును అణచివేస్తుంది. పీల్చిన తరువాత నోరు పుక్కిలించాలి. రోజూ పొద్దున ఒక పక్కకు ఒరిగి పడుకుని కళ్ళె వెళ్ళగొట్టే పద్ధతి కూడా నేర్పారు. సాగిపోయిన గొట్టాలు తిరిగి ఇరుకు కావని దాచకుండా చెప్పారు. ఇంకా ముందే వచ్చి ఉంటే ఇంత సాగేవి కావట. ఆ మాటకు మా చెల్లెలు తల వంచుకున్నది. నేనూ వంచుకున్నాను.

నెలన్నరకు కళ్ళె సగానికి తగ్గింది. మూడో నెలలో, నడిరోడ్డుమీద ఆగకుండా ఇంటినుంచి రేవుదాకా నడిచి వెళ్ళి వచ్చింది. ఇప్పుడు కూడా చలికాలంలో కాస్త దగ్గుతుంది. పెరట్లో కట్టెల పొయ్యి తీసివేశారు. అత్తగారు రెండు వారాలు సణిగి ఊరుకున్నది.

మొన్న వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో గూట్లో ఒక అట్టపెట్టె కనిపించింది. కడుపు డాక్టరు చీటీలూ, దగ్గు డాక్టరు చీటీలూ, ఎక్స్‌రేలూ అన్నీ అందులోనే ఉన్నాయి. ఇదివరకు ఒకటి బీరువాలో, ఒకటి బియ్యం డబ్బామీద ఉండేవి. పైన ఒక కాగితం అంటించి ఉన్నది. దానిమీద మా మేనకోడలు స్కెచ్ పెన్నుతో గుండ్రంగా ఇలా రాసింది: "అమ్మ జబ్బులు రెండు. ఎవరి దగ్గరికి పోయినా రెండూ చెప్పాలె."